ఎవరి శాసనము? ఎవరి వోటు?

(ఒక గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)



ఒక యూరివారు తమ చెరువుగట్టును పెంచవలెనా వలదా యని తర్కించుకొనుచుండగా, ఆ నీటిబొట్టు త్రాగని పొరుగూరివారు వచ్చి కూర్చుండి చేయెత్తి తీర్పు చెప్పినచో వారేమందురు? ‘మీకిందేమి పని?’ యనియే యందురు. కాని యా పొరుగూరివారును అదే పంచాయతికి పన్ను కట్టువారై, గట్టునకు పోయు సొమ్మును బట్టియే తమ వాటాయు హెచ్చుటయో తగ్గుటయో కలుగునపుడు, ప్రశ్న యంత సులభముగా నుండదు. బ్రిటిషు పార్లమెంటులో నూరేండ్లకు పైబడి తేలక నిలిచియున్న చిక్కు ఇదియే. దానిని గూర్చి ముచ్చటించి, పిమ్మట మన యింటి సంగతికి వత్తును.

1977వ సంవత్సరమున స్కాట్లండునకు ప్రత్యేక శాసనసభ నొసగవలెనను బిల్లు కామన్సు సభలో చర్చకు వచ్చెను. వెస్టు లోథియను నియోజకవర్గపు లేబరు సభ్యుడగు టామ్ డాల్యెల్ దానిని ప్రతిఘటించెను. ఆయన స్వయముగా స్కాట్లండు ప్రతినిధియే. లాంకషైరులో బ్లాక్‌బర్ను అను పట్టణము గలదు. ఆయన నియోజకవర్గములోను అదే పేరుగల యూరు గలదు. ఈ బిల్లు శాసనమైనచో నేను లాంకషైరు బ్లాక్‌బర్ను వ్యవహారములపై వోటు వేయగలను గాని నన్నెన్నుకొన్న బ్లాక్‌బర్ను వ్యవహారములపై వేయజాలను గదా, ఇదెక్కడి న్యాయమని యాయన వాదము. ఆనాటినుండి దీనికి ‘వెస్టు లోథియను ప్రశ్న’ యని పేరు నిలిచెను. పేరు క్రొత్తదే గాని చిక్కు క్రొత్తది కాదు. 1886లో గ్లాడ్‌స్టను ఐర్లండు హోంరూలు బిల్లును తెచ్చినపుడు ఐరిషు సభ్యులను వెస్ట్‌మినిస్టరునుండి పూర్తిగా తొలగింపదలచెను. ప్రతినిధులు లేకయే పన్నులు గట్టవలెనా యను నాక్షేపము పుట్టెను; బిల్లు 30 వోట్ల తేడాతో నోడిపోయెను. 1893లో తెచ్చిన రెండవ బిల్లులో, 80 మంది ఐరిషు సభ్యులుందురనియు, బ్రిటను ఇంటి వ్యవహారములు వచ్చినపుడు వారు వోటు వేయరాదనియు మొదట వ్రాసెను. అట్లైన నొకనాడు అధికసంఖ్య గలిగిన మంత్రివర్గము మరునాడు దానిని గోల్పోవును. దానిని నడపుటెట్లు? ఆ నిబంధనను గూడ విడిచి, అందరును అన్నింటిపై వోటు వేయవచ్చునని సరిపెట్టెను. ప్రభువుల సభ 419–41 వోట్లతో నా బిల్లును పారవైచినది.

ఎట్టకేలకు 1998 శాసనముచే స్కాట్లండునకు స్వంత పార్లమెంటు లభించెను. విద్య, వైద్యము మొదలగునవి దాని చేతికి వచ్చినవి. ఇంగ్లండునకు మాత్రము వేరు సభ లేదు. ఉమ్మడి సభయే దానికిని సభ. ఇక చిక్కు పుస్తకములనుండి వీధిలోనికి వచ్చెను. 2004 జనవరి 27న, ఇంగ్లండు విశ్వవిద్యాలయములు సంవత్సరమునకు 3,000 పౌనుల వరకు రుసుము వసూలు చేయవచ్చునను బిల్లు 316–311 వోట్లతో, అనగా 5 వోట్ల యాధిక్యముతో గట్టెక్కెను. స్కాట్లండు లేబరు సభ్యుల చేయూత లేకున్న నది కూలియుండెడిది. ఇంగ్లండులోని తల్లిదండ్రులు చెల్లింపవలసిన సొమ్మును నిర్ణయించినవారు, ఆ తల్లిదండ్రుల యెదుట ఏ యెన్నికలోను నిలువనక్కరలేనివారు. ఇది చేసినది ప్రాంతీయ పక్షము గాదు, దేశవ్యాప్తమగు పాలకపక్షమే. ఈ సంగతి పలువురు మరతురు. ప్రాంతీయ పక్షమువాడు వోటు వేసిన ‘చొరబాటు’ అని కేకలు వేయుదురు. పెద్ద పక్షమువాడు విప్పునకు లోబడి అదే పని చేసిన ‘క్రమశిక్షణ’ అందురు.

స్కాట్లండు జాతీయ పక్షమువారు చాలకాలము ఇంగ్లండునకు మాత్రమే సంబంధించిన విషయములలో వోటు వేయక తొలగి యుండెడివారు. ఎవరును విధింపని నియమము, తామే విధించుకొన్నది. నా దృష్టిలో ఈ కథయందెల్ల గౌరవింపదగినది అదియే. 2015 ఎన్నికలలో స్కాట్లండు 59 స్థానములలో 56 వారికి దక్కెను. దక్కిన రెండు నెలలకే నియమము సడలెను. ఇంగ్లండు, వేల్సులలో కుక్కలతో నక్కలను వేటాడుటపై గల నిషేధమును సడలింప ప్రభుత్వము తలపెట్టగా, మేమెదురు వోటు వేయుదుమని వారు ప్రకటించిరి. ప్రభుత్వము చర్చనే మానుకొనెను. అప్పుడు స్కాట్లండు చట్టమునకు దగ్గరగా ఇంగ్లండు చట్టమును తెచ్చు సవరణయే యది! తమ యింట చెల్లునది పొరుగింట చెల్లరాదని యనుట విన నింపుగా నుండదు.

2016 మార్చి 9నాటి వోటు ఇంతకంటె విచారింపదగినది. ఇంగ్లండు, వేల్సులలో పెద్ద దుకాణములు ఆదివారమున ఆరు గంటలకు మించి తెరువరాదు. ఈ వేళను పెంచు నధికారమును స్థానిక కౌన్సిళ్ల కీయవలెనని ప్రభుత్వము కోరెను. స్కాట్లండులో ఆదివారమున అట్టి కట్టుబాటే లేదు. అయినను వారి సభ్యులు లేబరు వారితోను, తిరుగబడిన కన్సర్వేటివులతోను గలసి 317–286 వోట్లతో ప్రభుత్వము నోడించిరి. వారి సమాధానమును గూడ వినవలెను. పెద్ద దుకాణదారులు దేశమంతటికి ఒకే జీతపు పద్ధతి నడపుదురు. ఆదివారపు పని ఇంగ్లండులో మామూలు పనియైనచో, స్కాట్లండు గుమాస్తాకు వచ్చుచున్న ఆదివారపు హెచ్చుకూలి కరిగిపోవునని వారనిరి. ఇది కొట్టివేయదగిన మాట కాదు. ఇంగ్లండు ఖర్చు హెచ్చుతగ్గులను బట్టి, జనసంఖ్యానుసారముగా, స్కాట్లండునకు వచ్చు నిధియు మారును. కావున నొక శాసనము ‘మాకు సంబంధింపనిది’ యని తేల్చుట తక్కెడ బట్టి తూచినంత సులభము గాదు. అయినను నక్కవేటకును స్కాట్లండు గుమాస్తా కూలికిని సంబంధమేమో నాకు బోధపడలేదు.

దీనికి మందుగా 2015 అక్టోబరులోనే ఒక సభానియమము చేసియుండిరి: ఇంగ్లండునకే చెందిన నిబంధనలకు ఇంగ్లీషు సభ్యుల సమ్మతియు వేరుగా కావలెనని. కాని యది కాదనుటకు హక్కిచ్చినదే గాని, వారు కోరిన శాసనమును చేసికొనుటకు హక్కీయలేదు. అందుచే ఆదివారపు దుకాణముల విషయమున నది కొరగాలేదు. 2021 జులైలో దానిని రద్దుపరచిరి. రాజ్యజనములో నూటికి 84 మంది గల ఇంగ్లండు, ఉమ్మడి సభను తన సొంత సభగా వాడుకొనుచున్నంతకాలము ఈ చిక్కు తీరదు.

వెస్ట్‌మినిస్టరు మాట వచ్చినపుడు మనవారి మనస్సు ఒక్క సంగతిని మరువజాలదు. 1935లో మన దేశపు రాజ్యాంగ శాసనమును చేసినది ఆ సభయే. భారతీయుల వోటుచే నెన్నికైన సభ్యుడు అందొక్కడైనను లేడు. 1892లో దాదాభాయి నౌరోజీ లండను నగరములోని సెంట్రల్ ఫిన్స్‌బరీ వోటర్ల దయచే లోనికి బోయి కోట్ల భారతీయుల గోడు వినిపింపవలసివచ్చెను. అయిదు వోట్లతో గడచిన రుసుముల బిల్లును గూర్చి ఇంగ్లండు పత్రికలు చేసిన రభస చదువుచుండగా, ‘అయ్యలారా, ఇట్టి నొప్పి తెలియుటకు మీకింతకాలము పట్టినదా?’ యని నాకు నవ్వు వచ్చెను.

నవ్వు చాలు, మన సంగతి చూతము. మన రాజ్యాంగపు 3వ అధికరణము ప్రకారము ఒక రాష్ట్రమును విభజించుటకు పార్లమెంటు చాలును. ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయము నడుగవలెను గాని దానికి లోబడనక్కరలేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించుచు తీర్మానించెను. ఫిబ్రవరి 18న లోకసభ దానిని మూజువాణి వోటుతో నెగ్గించెను. ఆ సమయమున సభాకార్యక్రమముల ప్రసారము నిలిచిపోయెను. ఒరిస్సా సభ్యుడేమనెనో, బీహారు సభ్యుడేమనెనో పేరు పేరున లెక్క లేదు. కోస్తా, రాయలసీమవారు దీనిని అన్యాయమనిరి. తెలంగాణమువారు చెప్పునదియు న్యాయమే: ఉమ్మడి శాసనసభలో మేమెప్పుడును తక్కువ సంఖ్యవారమే, విభజన అక్కడి వోటుపై నాధారపడియున్నచో మాకెన్నటికిని రాష్ట్రము రాదు, బయటివారు తీర్పు చెప్పవలసినదే యని. చెరువు గట్టు వివాదములో ఊరి పెద్ద చేనివాడు చిన్న చేనివానికి నీరు విడువనపుడు పొరుగూరివాడే మధ్యవర్తి యగును. కాబట్టి సంబంధములేనివాడు వోటు వేయనే రాదను సూత్రమును నేనొప్పుకొనను. వేసినవాడు తన పేరు చెప్పి, కారణము చెప్పి వేయవలెనని మాత్రము కోరుదును.

అయిదేండ్లు తిరిగెను. 2019 ఆగస్టు 5న జమ్మూ కాశ్మీరమును రెండు కేంద్రపాలిత ప్రాంతములుగా విభజించు బిల్లు రాజ్యసభలో 125–61 వోట్లతో నెగ్గెను. అప్పుడా రాష్ట్రమునకు శాసనసభయే లేదు. అంతకుముందు నవంబరులో రద్దయియుండెను. అభిప్రాయము నడుగుటకే ఎవరును లేరు. ఆ శాసనపు మంచిచెడ్డల జోలికి నేను పోను. దేశహితమని నమ్మి వోటు వేసినవారిని తప్పుపట్టను. కాని తెలుగుదేశము, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, తెలంగాణ రాష్ట్ర సమితి మూడును దానిని బలపరచినవి. మా సభ మాటను కాదని మా రాష్ట్రమును చీల్చిరని 2014లో కన్నీరు కార్చినవారు, సభ మాటయే వినబడని రాష్ట్రమును చీల్చుటకు 2019లో చేయెత్తిరి. ఆ రెంటికిని గల భేదమును వారిలో నెవ్వరైనను తమ వోటర్లకు విడమరచి చెప్పియుండిన నేను సంతోషించియుందును. 2024 ఎన్నికలలో నేను చాల సభలకు బోయితిని. నీళ్లు, రోడ్లు, పింఛనులు, రాజధాని, అన్నియు చర్చకు వచ్చినవి. కాశ్మీరముపై వేసిన వోటును గూర్చి చెప్పిన యభ్యర్థిని నేను చూడలేదు. అడిగిన వోటరును చూడలేదు. నేనును అడుగలేదు.