లోటస్ టెంపుల్: ఆకాశాన్ని మార్చకండి

ఢిల్లీ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లో లోటస్ టెంపుల్ ఫొటో ఒక్కటైనా ఉంటుంది. తమాషా ఏంటంటే మేలో తీసినా, నవంబర్లో తీసినా చాలా ఫొటోల్లో ఆకాశం ఒకేలా నీలంగా ఉంటుంది. ఢిల్లీలో నిజంగా అంత నీలం ఎక్కడుందండీ?

ఇరాన్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ ఫరీబర్జ్ సాహ్బా డిజైన్ చేసిన ఈ బహాయీ ప్రార్థనా మందిరం 1986 చివర్లో ప్రారంభమైంది. 27 రేకులు, కాంక్రీటు మీద గ్రీస్ నుంచి తెప్పించిన తెల్ల పాలరాయి. మనకి కావాల్సింది ఆ తెలుపే. ఏ వెలుతురు పడితే ఆ రంగు తీసుకుంటుంది.

కానీ ఆటో మోడ్‌కి తెలుపంటే కాస్త భయం. ఫ్రేమంతా తెల్లగా కనిపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, పాలరాయి బూడిదరంగులోకి వెళ్తుంది. అప్పుడు రేకు మీద ట్యాప్ చేసి, సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో దీనికి రివర్స్, కిందికి జరపాలి. లేకపోతే రేకుల మీద గీతలన్నీ మాయం. సాయంత్రం ఇంకో గొడవ: కళ్లకి కనిపించిన నారింజ ఛాయని ఫోన్ 'సరిచేసి' తీసేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ 5500 దగ్గర ఆపేయండి, ఆ రంగు అలాగే ఉంటుంది.

ఇక సీజన్లు. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నీడలు పొట్టిగా ఉంటాయి. డిసెంబర్లో మధ్యాహ్నం కూడా 40 డిగ్రీల ఎత్తు దాటడు. వెలుతురు ఏటవాలుగా వచ్చి, ఒక రేకు నీడ ఇంకో రేకు మీద పడుతుంది. ఆ వంపులు చూడాలంటే నా ఓటు డిసెంబర్‌కే. వానాకాలం మబ్బు కూడా బాగుంటుంది, చుట్టూ ఉన్న 9 కొలనుల్లో నీడ చూసుకోండి.

మరి పొగ కమ్మేసిన నవంబర్ రోజున? చాలామంది యాప్‌లో ఆకాశం మార్చేస్తారు. చూసేవాళ్లకి ఏదో తేడా కొడుతుంది. ఎందుకంటే పొగలో గట్టి నీడలుండవు, నీలాకాశం కింద ఉండాలి. అదలా ఉంచితే, ఆ రోజు ఆ ఊరి జనం పీల్చిన గాలి ఆ ఫొటోలో ఉంది కదా! దాన్ని మన వేలితో మనమే చెరిపేయడం ఎందుకు? రేకుల అంచులు పొగలో కలిసిపోతుంటే అలాగే తీయండి, కింద తేదీ పెట్టి పోస్ట్ చేయండి.

అన్నట్టు, సోమవారం మూసి ఉంటుంది. హాల్ లోపల ఫొటోలు తీయనివ్వరు, ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు కూర్చోండి.