వంపుగట్టు కొలత



గట్టు తిన్నగా నున్నచోట తగవులు తక్కువ. రెండు కొనల రాళ్లు కనబడినచో నడుమ త్రాడు లాగి చూచుకొనవచ్చును. చెరువుకట్ట క్రిందను, కాలువ మలుపునను, వాగు ఒడ్డునను ఉన్న చేలకు ఆ సౌకర్యము లేదు. వాని హద్దు వంగి పోవును. నేటి సర్వేలో ఆ వంపును గీయునది కంప్యూటరు. అది ఎట్లు గీయునో మీరెరిగి యుండుట మేలని తలచి నేడు ఆ విషయమును ముచ్చటింతును.

పూర్వము సర్వేయరు గుంటరు గొలుసుతో వచ్చెడివాడు. గొలుసు 66 అడుగులు; అందు 100 లింకులు. చేనిలో ఒక తిన్నని రేఖపై గొలుసు పరచి, దాని నుండి గట్టు మలుపులకు అడ్డుకొలతలు తీసి, ఎఫ్.ఎం.బి.లో పటము వ్రాసెడివాడు. ఎన్ని అడ్డుకొలతలు తీసిన పటము గట్టుకు అంత దగ్గరగా వచ్చెడిది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన పునఃసర్వేలో డ్రోను చిత్రములును, రోవరు అను సాధనమును ప్రవేశించినవి. రోవరు ఉపగ్రహ సంకేతముల నందుకొని, తాను నిలిచిన తావును కొద్ది సెంటీమీటర్ల తేడాతో చెప్పగలదు. దాని కర్రను గట్టుపై నిలిపినప్పుడెల్ల ఒక బిందువు నమోదగును. బిందువునకును బిందువునకును నడుమ గట్టు ఎట్లు పోయినదో ఆ సాధన మెరుగదు. నడుమ గీత కంప్యూటరు ఊహ.

ఈ ఊహ విలువ ఎంతయో లెక్క చూతము. ఒక చెరువుకట్ట వంపు విల్లువలె నున్నదనుకొనుడు. కొన నుండి కొనకు నారి పొడవు 200 లింకులు. నారి నడుమ నుండి వింటి వీపు వరకు, అనగా శరము, 15 లింకులు. సర్వేయరు రెండు కొనలయందు మాత్రమే బిందువులు తీసెనేని కంప్యూటరు నారివెంట తిన్నని గీత గీయును. నారికిని వింటికిని నడుమనున్న నేల సుమారు 2,000 చదరపు లింకులు, అనగా 2 సెంట్లు. రెండు సెంట్లకేమి యని నవ్వువారుందురు. రోడ్డు ప్రక్కన అది ఒక పేదవాని యింటి స్థలము.

నడుమ మూడవ బిందువు తీసినచో కథ మారును. మూడు బిందువుల గుండా పోవు వృత్తము ఒక్కటియే. దాని వ్యాసమును కనుగొను సూత్రము 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతిలోనే కలదు. నారిలో సగమును దానితోనే గుణించి, శరముతో భాగించి, వచ్చినదానికి శరమును కలుపవలెను. మన లెక్కలో 100ను 100తో గుణించి 15తో భాగించిన సుమారు 667. దానికి 15 కలిపిన 682 లింకులు. కంప్యూటరు క్షణములో చేయునదియు ఇట్టి లెక్కయే. పలకా బలపముతో మీరును సరిచూడవచ్చును.

అయితే ఆ మూడు బిందువులు దగ్గర దగ్గరగా ఉండరాదు. అదే వంపుపై 50 లింకుల నారిలోపల మూడు బిందువులు తీసినచో శరము ఒక లింకునకు లోపే. అందు రెండంగుళముల పొరపాటు వచ్చెనా, 341 లింకుల వ్యాసార్ధము 268గానో 470గానో తేలును. అదే పొరపాటు 200 లింకుల నారిపై వచ్చినచో 335కును 346కును నడుమనే ఉండును. చింతచెట్టు నీడన ఉపగ్రహ సంకేతము చెడి రెండంగుళములేమి, అంతకు మించియు తప్పవచ్చును. అట్టిచోట టోటల్ స్టేషనుతో గాని టేపుతో గాని కొలుచుట న్యాయము.

ఇంకొక చిక్కు కలదు. ప్రకృతి వంపులు వృత్తములు కావు. వాగు ఒడ్డు ఒకచోట ఉబ్బి, మరొకచోట లోనికి పోవును. అట్టివానికై అన్ని బిందువులను తాకుచు నున్నగా సాగు గీతను గీయు పద్ధతి యున్నది. చూచుటకు అది సొంపైనది; నేనైతే దానిని అంతగా నమ్మను. తిన్నని గట్టు వంపును కలియుచోట, వంపు మొదలు ఇదియని సర్వేయరు గుర్తు పెట్టనిచో, ఆ గీత తిన్నని భాగమునందే ప్రక్కకు ఉబ్బి పొరుగువాని చేనిలోనికి పోవచ్చును. మలుపు కోసుగా ఉన్నచోటను దానిని గుండ్రముగా నునుపు చేయును. పాత ఎఫ్.ఎం.బి.లో రాయినుండి రాతికి తిన్నని గీత యున్నప్పుడు దానిని వంపుగా మార్చరాదని గట్టిగా చెప్పవలెను.

కావున సర్వేయరు వచ్చిననాడు ఇరుగుపొరుగు రైతులిద్దరును గట్టుపై నుండవలెను. వంపు మొదట ఒకటి, చివర ఒకటి, బాగుగా ఉబ్బినచోట ఒకటి బిందువులు తీయించుడు. గట్టు తీరు మారినచోటెల్ల మరియొకటి అడుగుడు. మనము చెప్పుకొన్న వంపుపై 25 లింకుల కొకటి చొప్పున తీసినచో, నడుమ తిన్నని గీతలే గీసినను తేడా ఎచ్చటను రెండంగుళములు దాటదు. ఇక కాలువ మలుపున కొలత గట్టు నడినెత్తినా, లోపలి అంచునా, వెలుపలి అంచునా అను మాట కర్ర నిలుపుటకు ముందే తేల్చుకొనుడు. సగము బిందువులు ఒక అంచున, సగము వేరొక అంచున తీసిన పటమును ఏ కంప్యూటరును చక్కచేయజాలదు.

పటము చేతికి వచ్చినప్పుడు గీతలు మాత్రమే యున్న ప్రతితో తృప్తి పడక, బిందువులు కూడ చూపిన ప్రతిని అడిగి, దానిని పట్టుకొని ఒకసారి గట్టువెంట నడచి రండు. సంతకము ఆ తరువాత చేయవచ్చును.