‘విడిపోయారు’ అన్న మాటకు రెండు అర్థాలు
(భాగస్వామి వీసా, తొలి వివాహ బంధం: ప్రసంగ పాఠం)



చందాపుర కూడలి నుంచి ఒక రోడ్డు ఎలక్ట్రానిక్ సిటీకి, ఒకటి హోసూరుకు, మరొకటి ఆనేకల్‌కు పోతుంది. బతుకుతెరువు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలోని యువతీయువకులు కొందరు ఇక్కడి నుంచి మెల్‌బోర్న్‌కో, టొరంటోకో, లండన్‌కో వెళ్లే ప్రయత్నంలో ఉంటారు. వారిలో ఒక వర్గానికి ఎదురయ్యే చిక్కు ప్రశ్న నేటి ప్రసంగ విషయం. తొలి వివాహం చట్టరీత్యా రద్దు కాకముందే, మరొకరి భాగస్వామిగా వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చునా?

ఒక ఉదాహరణను ఊహిద్దాం. అనంతపురం జిల్లా నుంచి వచ్చి చందాపురలో ఉంటున్న ఒక యువతి. భర్తతో కాపురం లేక మూడేళ్లయింది. పెద్దమనుషులు కూర్చొని స్టాంపు కాగితం మీద సంతకాలు చేయించారు. బంధువులందరూ ‘వాళ్లు విడిపోయారు’ అంటారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తున్న ఒక వ్యక్తితో కొత్త జీవితం ప్రారంభించాలని ఆమె కోరిక. దరఖాస్తులో వైవాహిక స్థితి అన్న గడి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోతుంది.

ఆగిపోవటానికి కారణం మన మాటలోనే ఉంది. తెలుగులో ‘విడిపోయారు’ అంటే వేరుగా ఉంటున్నారనీ కావచ్చు, విడాకులు పొందారనీ కావచ్చు. దరఖాస్తులో ఆ రెండూ రెండు వేర్వేరు గడులు. సెపరేటెడ్ అన్నది జీవన పరిస్థితి. డైవోర్స్‌డ్ అన్నది న్యాయస్థానం ఇచ్చిన డిక్రీ వల్ల కలిగే హోదా. విడాకు అన్న పదంలో ఆకు ఉన్నది గానీ, నేటి చట్టం అడిగేది ఆకును కాదు, డిక్రీని. ఏదైనా కులాచారం ప్రకారం విడాకులు చెల్లుతాయని హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ అంగీకరిస్తుంది. అయితే ఆ ఆచారం ఉన్నదని సాక్ష్యాధారాలతో రుజువు చేయవలసి ఉంటుంది. అందుచేత స్టాంపు కాగితాన్ని నమ్ముకొని డైవోర్స్‌డ్ అన్న గడిలో గుర్తు పెట్టటం ప్రమాదకరం.

ఇక వీసా సంగతి. ఈ విషయంలో దేశదేశానికీ నిబంధన వేరు. ఆస్ట్రేలియా 1958 నాటి మైగ్రేషన్ చట్టం వివాహితులనే గాక, వివాహం లేకుండా దంపతులవలె జీవించేవారిని కూడా భాగస్వాములుగా గుర్తిస్తుంది. వారిని డి ఫాక్టో భాగస్వాములంటారు. పాత వివాహం కాగితం మీద మిగిలి ఉన్నంత మాత్రాన ఆ దరఖాస్తును తోసిపుచ్చరు. అయితే పాత బంధం నిజంగా ముగిసి ఉండాలి. కొత్త బంధం ఇతరులెవరికీ చోటులేనిదై ఉండాలి. సాధారణంగా దరఖాస్తుకు ముందు కనీసం 12 నెలలు ఆ బంధం సాగి ఉండాలి. ఉమ్మడి ఖర్చులు, ఇంటి నిర్వహణ, నలుగురిలో గుర్తింపు, పరస్పర నిబద్ధత అనే నాలుగు అంశాలనూ పరిశీలిస్తారు. ఫోనులో మాట్లాడుకున్న కాలం, పరిచయ కాలం ఈ లెక్కలోకి రాకపోవచ్చు. కాబట్టి మన ఉదాహరణలోని యువతి అతనితో ఒక్కనాడూ కలిసి జీవించకపోతే, ఆ మార్గం ఆమెకు దాదాపు మూసి ఉన్నట్టే.

కెనడా కనీసం ఏడాది కలిసి జీవించినవారిని కామన్ లా భాగస్వాములుగా పరిగణిస్తుంది. బ్రిటన్‌లో పాత వివాహం శాశ్వతంగా విచ్ఛిన్నమైందని చూపాలి. కొత్త బంధానికి రెండేళ్ల చరిత్ర ఉండాలి. అమెరికా కాబోయే జీవిత భాగస్వామికి ఇచ్చే కె-1 వీసాకు పిటిషన్ వేసేనాటికే ఇద్దరూ పెళ్లాడేందుకు చట్టరీత్యా స్వతంత్రులై ఉండాలి.

వీసా వచ్చినంత మాత్రాన స్వదేశంలో చిక్కు తీరదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ ప్రకారం వివాహ సమయానికి వధూవరుల్లో ఎవరికీ జీవించి ఉన్న భార్య గానీ భర్త గానీ ఉండరాదు. ఉంటే ఆ పెళ్లి 11వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అంతేగాక అది నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ దానికి ఏడేళ్ల వరకు, పాత పెళ్లిని దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. ‘వీసా త్వరగా వస్తుంది, గుడిలో దండలు మార్చుకోండి’ అనే ఏజెంట్ల సలహా ఇందుకే వినదగినది కాదు. వివాహేతర సంబంధాన్ని 2018లో సుప్రీంకోర్టు నేరాల జాబితా నుంచి తొలగించినా, విడాకుల దావాలో అది ఇప్పటికీ ఒక కారణమే. వీసా కోసం పోగుచేసిన ఉమ్మడి అద్దె ఒప్పందమే, ఫొటోలే రేపు కోర్టులో ఎదుటిపక్షానికి సాక్ష్యాలు కావచ్చు.

‘విదేశంలోనే విడాకులు తీసుకుంటే సరిపోదా’ అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు తెలుగు నేల మీద పుట్టిన వ్యాజ్యంలోనే ఉంది. 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో ఒక వివాహం జరిగింది. దంపతులు 1978లో వేరయ్యారు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టును ఆశ్రయించాడు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. ఆమె హాజరు లేకుండానే 1980 ఫిబ్రవరి 19న అక్కడ విడాకులు మంజూరయ్యాయి. 1981 నవంబర్ 2న అతడు యాదగిరిగుట్టలో మరొకరిని వివాహమాడాడు. మొదటి భార్య ద్వితీయ వివాహ నేరం కింద ఫిర్యాదు చేసింది. వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి వ్యాజ్యంగా న్యాయ గ్రంథాలకెక్కిన ఆ కేసులో 1991 జూలై 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏ చట్టం ప్రకారం పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకోని కారణంతో, ఎదుటి వ్యక్తి ఆ కోర్టు అధికారానికి స్వచ్ఛందంగా లోబడకుండా పొందిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదన్నది దాని సారాంశం. ఇద్దరి సమ్మతితో పొందినదైతే సంగతి వేరు. అంటే ఒకే మనిషి ఒక దేశంలో విడాకులు పొందినవాడుగానూ, మరొక దేశంలో వివాహితుడుగానూ ఉండగలడు.

కాబట్టి రాజమార్గం స్వదేశంలోనే ఉంది. భార్యాభర్తలిద్దరూ అంగీకరిస్తే, ఏడాది వేరుగా ఉన్న తర్వాత 13-బి సెక్షన్ కింద ఉమ్మడిగా అర్జీ పెట్టుకోవచ్చు. అటుపైన ఆరు నెలల నిరీక్షణ ఉంటుంది. తగిన పరిస్థితుల్లో దానిని కోర్టు సడలించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరు ఒప్పుకోకపోతే క్రూరత్వం, రెండేళ్లకు తగ్గని పరిత్యాగం వంటి కారణాలు చూపాలి. అర్జీదారు భార్య అయితే తాను ప్రస్తుతం నివసించే ప్రాంతపు కోర్టులోనే వేసుకునే హక్కు ఉంది; పెళ్లి జరిగిన ఊరికే పోనవసరం లేదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జాతీయ సహాయ సంఖ్య 15100. డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. అప్పీలు గడువు 90 రోజులు. అది ముగియకుండా మరో పెళ్లి తలపెట్టరాదు. ముస్లింలకు, క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి వేర్వేరు చట్టాలు వర్తిస్తాయి గనుక న్యాయవాదిని సంప్రదించటం మేలు.

ఈలోగా దరఖాస్తు వేయక తప్పకపోతే, ఉన్నది ఉన్నట్టు రాయాలి. సెపరేటెడ్ అయితే ఆ గడిలోనే గుర్తు పెట్టి, వేరైన తేదీ, కోర్టు దావా సంఖ్య జతపరచాలి. పాస్‌పోర్టులో పాత భర్త పేరో, భార్య పేరో ఉంటే దాచినా దాగదు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఆస్ట్రేలియా వీసా నిరాకరించటమే గాక, మూడేళ్లపాటు మరెన్నో వీసాలకు అడ్డంకి ఏర్పడుతుంది. అనువాదకుని వద్దకు వచ్చేవారు కూడా ‘విడిపోయారు’ అని చెప్పి ఊరుకోక, డిక్రీ ఉన్నదో లేదో ముందే చెప్పాలి. ఒక్క పదం తప్పు పడినా, ఆ కాగితం అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

చివరగా ఒక్క మాట. ఈ వ్యవహారంలో ఊళ్లో మిగిలిపోయిన మూడో మనిషి ఒకరుంటారు. విడాకులు లేకుండా ఒకరు విదేశానికి వెళ్లిపోతే, ఆ మిగిలిన వ్యక్తి కూడా మళ్లీ పెళ్లి చేసుకోలేరు. ఏళ్ల తరబడి అటూ ఇటూ కాని స్థితిలో ఉండిపోతారు. డిక్రీ అన్నది వెళ్లేవారికి ఎంత అవసరమో, ఉండిపోయేవారికీ అంతే అవసరం. ఆ ఇద్దరికీ న్యాయం జరిగిన తర్వాత వేసిన దరఖాస్తుకు ఏ గడి దగ్గరా చెయ్యి ఆగదు.

సెలవు.