ఏరు చూసినావా నాయనా?

శాలువా కప్పారు, పరిచయంలో నన్ను ఓ జానెడు పొడుగు చేశారు. ఇక చాలు.

నేను తీసేవి ఎవరూ అడగని సినిమాలు. పెళ్ళిళ్ళ సీజన్లో తలంబ్రాలు తీసి, ఆ డబ్బుతో బొమ్మలు వేసేవాళ్ళనీ వాళ్ళ ఊళ్ళ ఏళ్ళనీ కొండలనీ తీస్తుంటాను.

మొదటిసారి శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు నా దగ్గరున్నది అరువు బోలెక్స్ కెమెరా, మూడు వందడుగుల రోళ్ళు. ఒక్కోటి మూడు నిమిషాలైనా రాదు. కలంకారీ పెద్దాయన కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ గీత లాగుతున్నాడు. ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కసిం అనే రంగు అది. కరక్కాయా పాలూ పట్టిన గుడ్డకు తగిలాక నలుపెక్కుతుంది. ఆ నలుపు కోసం ఒక రోలంతా తిప్పేశాను. పక్కనున్న వ్యూఫైండర్లో అన్నీ కనిపించాయి, లెన్సు మూత తప్ప!

మొహం వేలాడేస్తే పెద్దాయన నవ్వాడు. "నా చెయ్యి యాడికి పోతాదిలే. ఏరు చూసినావా నాయనా?"

చూడలేదు. పటిక పూసిన గుడ్డను పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలోనైతే వదిలిన పటిక పక్కకంటి, రంగు పడకూడని చోట పడుతుంది. అందుకే వాళ్ళకు స్వర్ణముఖి కావాలి. వెళ్ళి చూస్తే ఏటి నిండా ఇసుక. మిగిలిన రెండు రోళ్ళూ ఆ ఇసుకకే ఖర్చుపెట్టాను.

ఇప్పుడు నా బాధ చెప్తాను. నిన్న రాత్రి మీ డిప్లొమా సినిమాలు చూశాను. ఏది మొదలుపెట్టినా డ్రోన్ షాటే! గద్ద పైనుంచి చూస్తుందంటే కింద కోడిపిల్ల ఉంది కనక. మీకేం పనర్రా అక్కడ? దిగండి. చెప్పుల్లో ఇసుక పడనివ్వండి. 1972లో సత్యజిత్ రాయ్ తన శాంతినికేతన్ గురువు వినోద్‌బిహారీ ముఖర్జీ మీద 'ది ఇన్నర్ ఐ' తీశాడు. చూపు పోయిన చిత్రకారుడు చేతులతో తడుముకుంటూ పనిచేస్తుంటే కెమెరా ఆయన దగ్గరే ఉంటుంది. సుమారు ఇరవై నిమిషాలు. ఫోన్లోనే చూడండి, ఫర్వాలేదు. మధ్యలో ముందుకు జరిపారని తెలిస్తే మాత్రం చెవి మెలేస్తాను.

ఆ ఇసుక తీసిన ఏడాది తర్వాత సినిమా పట్టుకెళ్ళి పెద్దాయన ఇంటిగోడ మీదే వేశాను. నేను మళ్ళీ వెళ్ళి తీసిన తన చెయ్యి కనబడితే ఆయన పలకలేదు. ఇసుక రాగానే లేచి గోడ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టాడు.

"ఇదో, ఈడనే మా నాయన గుడ్డలు జాడించేటోడు."