పొరుగు కట్ట నేర్పే గుణపాఠం

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!



దివ్య ఖుర్ఆన్ గతించిన జాతుల వృత్తాంతాలను మన కాలక్షేపం కోసం వినిపించలేదు. 34వ అధ్యాయంలో యెమెన్ దేశపు సబా జాతి ప్రస్తావన ఉంది. వారికి కుడివైపునా ఎడమవైపునా తోటలు ఉండేవి. ప్రభువు ప్రసాదించిన ఆహారం తిని కృతజ్ఞులై ఉండవలసినవారు విముఖులయ్యారు. కట్ట తెగి వరద ముంచెత్తింది. తీయని పండ్ల తోటల స్థానంలో చేదు కాయల చెట్లు మిగిలాయి. వారి గాథలో సహనశీలురకు, కృతజ్ఞులకు సూచనలు ఉన్నాయని అదే అధ్యాయం తెలుపుతున్నది.

కట్ట తెగడం అంటే ఏమిటో మన ప్రాంతవాసులకు వేరుగా వివరించనక్కరలేదు. 2021 నవంబరు 19 వేకువన రాజంపేట సమీపంలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలను వరద ఊడ్చివేసింది. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ వరద అసాధారణమైనదే. అయితే ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉన్నదని తరువాత పార్లమెంటులో వెల్లడైంది.

రెండు రోజులకు తిరుపతి చెంత, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టనుండి నీరు ఊరడం కనిపించింది. చెయ్యేరు విషాదం అందరి కళ్ళ ఎదుటనే ఉంది. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేసి కట్టను బలపరిచారు. కట్ట నిలిచింది. పొరుగు కట్ట తెగినప్పుడు తన కట్టను చూసుకోవడమే గుణపాఠం నేర్వడం.

సోదరులారా! ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మునిగినవారిని చూచి "వారి పాపఫలం" అనే అధికారం మనకు లేదు. సబా జాతి సంగతి అల్లాహ్ తెలిపినందున మనకు తెలిసింది. మన పొరుగువారి హృదయాల సంగతి మనకు తెలియదు. నీట మునిగి మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (స) షహీదులలో లెక్కించారు. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి నివాసాల మీదుగా సాగినప్పుడు, అక్కడ విలపిస్తూ తప్ప ప్రవేశించవద్దని ఆయన సహచరులను ఆదేశించారు. నశించిన జాతి ఇళ్ళను చూచి తమ అంతాన్ని తలచుకొనమన్నారు గాని, వినోదం చూడమనలేదు.

మన వ్యవహారం ఎలా ఉంది? మామిడి వ్యాపారంలో పొత్తు కుదుర్చుకున్న అన్నదమ్ములు లెక్క తేలక కోర్టుకెక్కారని వింటాము. టీ అంగడి దగ్గర వారి తప్పులను ఒక్కొక్కటిగా ఎంచుతాము. అది పరోక్షనింద, గీబత్. ఇంటికి వచ్చి మన పొత్తుకు కాగితం ఉన్నదా అని మాత్రం చూడము. అప్పును, దాని గడువును సాక్షుల సమక్షంలో వ్రాసుకొనమని ఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం, అల్ బఖరా 282, ఆదేశిస్తున్నది. పొరుగింటి తగవు చూచిన రాత్రే ఆ కాగితం వ్రాసుకున్నవాడు గుణపాఠం నేర్చినవాడు. ఆ తగవును పదిమందికి చెప్పినవాడు పాపం మాత్రమే మూటగట్టుకున్నాడు.

కనుక ఇతరుల పొరపాటు మన చెవిన పడినప్పుడు మూడు పనులు చేద్దాం. మొదట వారి కోసం దుఆ చేద్దాం, చేతనైతే సహాయపడదాం. తరువాత అదే లోపం మన ఇంట, మన వ్యాపారంలో, మన నమాజులో ఉన్నదేమో వెదకుదాం. కనిపిస్తే తౌబా చేసి ఆ దినమే సరిదిద్దుదాం. ఊట సన్నగా ఉన్నప్పుడు బస్తాలు చాలుతాయి; కట్ట తెగిన తరువాత ఊరంతా కలిసినా ఆపలేదు.

ఓ అల్లాహ్! ఇతరుల కష్టంలో మాకు కనికరాన్ని, వారి పొరపాటులో మాకు మేలుకొలుపును ప్రసాదించు. మా తప్పులను కప్పి, వాటిని దిద్దుకొనే వ్యవధిని అనుగ్రహించు. ఆమీన్.