ముందు మనుషులు, తరవాత కాగితాలు, ఆఖరున సామాను

(భిలాయిలో జరిగిన మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబ సమావేశంలో ఒక చీఫ్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు కుటుంబాలతో వచ్చారు కాబట్టి, మన ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ల భారం నిజంగా మోసే ఇల్లాళ్లకు, పిల్లలకు, పెద్దవాళ్లకు ముందుగా నమస్కారం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. ఆ మాట అన్నాయన బ్యాంకులో పనిచేసి ఉండడు. ఉంటే, ‘ఇల్లు మారి చూడు’ అని మూడోది కూడా కలిపేవాడు. మరో నెలలో మనలో కొందరికి ఆర్డర్లు వస్తాయి. అందుకే ఇల్లు మారడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఉద్యోగంలో తొమ్మిది ఇళ్లు మారాను కాబట్టి నాకు బాగా తెలుసని ఆయన నమ్మకం. నిజానికి నేను నేర్చుకున్నదంతా ఒక్క మార్పులోనే. అది నా ఉద్యోగంలో జరిగింది కాదు. మా నాన్నగారు ఇదే భిలాయి నుంచి వెళ్లిపోయినప్పుడు జరిగింది.

ఈ ఊరి సంగతి మీకు కొత్త కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అటుపైన దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి ఇక్కడ చేరారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రావడానికి 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం ఉండనే ఉంది. మా నాన్న 1963లో ఆ దారినే వచ్చారు. ఒక రేకు పెట్టె, ఒక చాప, మా నానమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ. ఆయన ఇల్లు మారడం అంతటితో అయిపోయింది. ఆ జాడీ పగలకుండా తెచ్చానని చివరిదాకా గొప్పగా చెప్పుకునేవారు.

తరవాత సెక్టార్‌లో కంపెనీ క్వార్టరు వచ్చింది. 1970లో అమ్మ వచ్చింది. నేను అక్కడే పుట్టాను. 2001లో నాన్న రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి, విజయనగరంలో కట్టుకున్న చిన్న ఇంటికి వెళ్లాలి. అప్పటికి నేను బ్యాంకులో చేరి మూడేళ్లు. మా శాఖను ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి మార్చిన పని నా చేతుల మీదుగా జరిగింది. ఆ ధీమాతో వారం సెలవు పెట్టి వచ్చాను.

బ్యాంకు పద్ధతిలోనే చేశాను. ప్రతి పెట్టెకూ నంబరు, రిజిస్టరులో ఎంట్రీ. పాత సామాను ఏది వెళ్లాలో, ఏది అమ్మేయాలో నేనే నిర్ణయించాను. అమ్మ రుబ్బురోలు, నాన్న సైకిలు రెండూ అమ్మకపు జాబితాలోకి వెళ్లాయి. ‘అక్కడ గ్రైండరు కొంటాను కదమ్మా’ అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను. రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ. పక్క క్వార్టరులో ముప్పై ఏళ్లుగా ఉన్న ఛత్తీస్‌గఢీ ఆవిడ, అమ్మ ‘దీదీ’ అని పిలిచేది, ఆ రోజు ఊళ్లో లేదు. ఆవిడ వచ్చేదాకా ఒక్క రోజు ఆగుదామా అని అమ్మ అడిగింది. లారీ మాట్లాడేశాను, కుదరదన్నాను.

లారీ ధమ్తరి, కాంకేర్ మీదుగా జగ్దల్‌పూర్, అక్కడి నుంచి సాలూరు ఘాట్ దిగి విజయనగరం చేరాలి. కేశ్‌కాల్ ఘాట్ దగ్గర చెడిపోయి మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. దారిలో వాన. నా రిజిస్టరు ప్రకారం 14వ నంబరు పెట్టెలో ఉన్నవి నాన్న పి.ఎఫ్. కాగితాలు, డిపాజిట్ రసీదులు, పాస్‌పుస్తకాలు, నా పుట్టిన తేదీ సర్టిఫికెట్టు. అన్నీ తడిసి అట్టలయ్యాయి. బ్యాంకు ఉద్యోగిని అయి ఉండి మా నాన్న చేత డూప్లికేట్ రసీదుల కోసం ఇండెమ్నిటీ బాండ్ల మీద సంతకాలు పెట్టించాను.

అది చిన్న నష్టం. నాలుగో రోజు రాత్రి నాన్న బాత్‌రూమ్‌కని లేచారు. క్వార్టరులో మంచం దిగి ఎడమకు తిరిగితే బాత్‌రూమ్. ముప్పై ఏళ్ల అలవాటు. కొత్త ఇంట్లో ఎడమకు తిరిగితే పెరట్లోకి మూడు మెట్లు. లైటు స్విచ్చి ఎక్కడుందో చీకట్లో తెలియలేదు. పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. నేను 60 పెట్టెలకు నంబర్లు వేశాను కానీ, రాత్రి పూట మంచం నుంచి బాత్‌రూమ్‌కి దారి ఎలా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అమ్మ సంగతి ఇంకోలా జరిగింది. ఆమెకేం విరగలేదు. కొన్ని నెలలపాటు అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. అందరూ తెలుగులోనే మాట్లాడే ఊరికి వచ్చి కూడా ఆమెకు మాట్లాడే మనిషి లేకుండా పోయింది. చాలా కాలం తరవాత ఒకసారి అంది, ‘సామాను తెచ్చావు గానీ బాబూ, నన్ను అడిగి తీసుకు రాలేదురా’ అని. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ మాట నేను మరిచిపోలేదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. 2024లో విశాఖ నుంచి నాకు భిలాయికి ఆర్డరు వచ్చింది. అమ్మకు 73 ఏళ్లు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలోకి వస్తోంది. మా ఆవిడ ట్యూషన్లు చెప్పుకుంటూ అక్కడ పదేళ్లుగా నలుగురినీ సంపాదించుకుంది. ఈసారి మాత్రం వరస మార్చాను. ముందు మనుషులు, తరవాత కాగితాలు, ఆఖరున సామాను. ఆ వరస ఎలా పనిచేసిందో చెబుతాను.

ఆర్డరు వచ్చిన రాత్రి నలుగురం భోజనాల దగ్గర కూర్చున్నాం. ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడిగాను. ఇక్కడ వదలలేనిది ఏమిటి? అక్కడ భయపడుతున్నది ఏమిటి? మా అమ్మాయి భయం స్నేహితుల గురించి అనుకున్నాను. కాదు. ఇక్కడ సెకండ్ లాంగ్వేజ్ తెలుగు, అక్కడ హిందీ, తప్పుతానేమో అని. అది తెలిసింది కాబట్టి ఏప్రిల్ నుంచే రోజూ అరగంట హిందీ మొదలుపెట్టాం. మాస్టారు ఎవరనుకుంటున్నారు? మా అమ్మ. భిలాయి మార్కెట్లో కూరగాయలు బేరమాడిన హిందీ అది. వ్యాకరణం కాస్త అటూ ఇటూ అయినా, అమ్మాయికి ధైర్యం వచ్చింది. పెద్ద తరగతుల పిల్లలున్నవారికి ఒక మాట. సి.బి.ఎస్.ఇ.లో పదో తరగతి పరీక్షకు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది. తొమ్మిది అయ్యాక బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి, దానికి మీ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కాపీ జతచేయాలి. కాబట్టి టి.సి. తీసుకునే ముందే కొత్త బడిలో అడగండి. పిల్లల చదువు కోసం పాత ఊళ్లో క్వార్టరు ఉంచుకునే వీలుందేమో మన సర్క్యులర్లు కూడా చూసుకోండి.

మా ఆవిడ వదలలేనిది ఆమె ట్యూషన్ పిల్లలు. కొందరికి ఆన్‌లైన్‌లో చెబుతోంది. అమ్మ అడిగింది ఒక్కటే. ఆషాఢంలో కొత్త ఇంట్లో అడుగు పెట్టకూడదని. ఆర్డర్లు పంచాంగం చూసి రావని మనకు తెలుసు. దీనికి చాలా ఇళ్లలో ఉన్న ఉపాయమే చేశాం. నేను జాయినయ్యాక జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసి, అమ్మనూ ఆవిడనూ రెండు రోజులకని రప్పించి, కొత్త ఇంట్లో పాలు పొంగించి, బియ్యం, పసుపు, ఉప్పు పెట్టి వచ్చాం. సామాను ఎప్పుడు వచ్చినా ఇబ్బంది లేదు. పెద్దవాళ్ల నమ్మకంతో వాదించడానికి పట్టే సమయం కన్నా దీనికి తక్కువే పట్టింది.

ఇంకొకటి. కొత్త ఇంట్లో మొట్టమొదట సర్దింది అమ్మ మంచం. విశాఖలో ఏ వైపు దిగేదో ఆ వైపే దిగేలా వేశాను. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న రాత్రి లైట్లు. తలుపు గడప మీద తెల్ల టేపు. పగలే రెండుసార్లు నడిపించి చూపించాను. అమ్మ నవ్వింది, ‘నాకేం చత్వారం రాలేదురా’ అని. అననివ్వండి, మీరు మాత్రం చేయండి.

ఇక కాగితాలు. ఇవి లారీ ఎక్కకూడదు. ఒక సంచి, మన భుజానికి. సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు, పాలసీలు, డాక్టరు చీటీలు, నెలకు సరిపడా మందులు, ఇంట్లో నగలు. అన్నిటినీ ఫోన్‌లో ఫోటో తీసి ఇంకొకరికి కూడా పంపి ఉంచండి. లాకరు ఉన్న శాఖ నుంచి ఇంకో శాఖకు బదిలీ కాదని మనం ఖాతాదారులకు చెబుతాం, మన ఇంట్లో మరిచిపోతాం. అక్కడ లాకరు దొరుకుతుందో లేదో తేల్చుకున్నాకే ఇక్కడిది ఖాళీ చేయండి. పొదుపు ఖాతా అదే నంబరుతో మారుతుంది, ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ మారుతుంది. ఆ కోడ్ ఎక్కడెక్కడ ఇచ్చారో రాసుకోండి. నామినేషన్ చూసుకోవడానికి ఇదే మంచి సందర్భం. పెద్దవాళ్ల పింఛను ఉంటే లైఫ్ సర్టిఫికెట్టు ఎప్పుడివ్వాలో చూసుకోండి.

గ్యాస్ కనెక్షన్‌కు సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పి వోచరు తీసుకోవాలి. ఓటు మార్పుకు ఫారం 8. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి తిరిగితే అక్కడ రిజిస్ట్రేషన్ తప్పదు. మనలాగా రాష్ట్రాలు మారే ఉద్యోగులకు 2021 నుంచి బి.హెచ్. సిరీస్ వచ్చింది, కొత్త బండి కొనేవారు ఆలోచించండి.

ఆఖరున సామాను. దీని గురించి అందరూ చెబుతారు కాబట్టి మూడే మాటలు. ఒకటి, రవాణా వారు ఇంటికి వచ్చి సామాను చూసి రాతపూర్వకంగా ఇచ్చిన రేటే రేటు. ఫోన్‌లో తక్కువ చెప్పి, దించే ముందు రెట్టింపు అడిగే మోసాలు మన కౌంటర్ల దగ్గరే వింటున్నాం. జి.ఎస్.టి. నంబరు పోర్టల్‌లో సరిచూడండి, డబ్బు సంస్థ ఖాతాకే పంపండి, రవాణా బీమా కాగితం చేతికి తీసుకోండి. రెండు, మొదటి రాత్రికి ఒక పెట్టె విడిగా ఉంచండి. కుక్కరు, బియ్యం, పప్పు, ఆవకాయ, దుప్పట్లు, చార్జర్లు, టార్చి, స్క్రూడ్రైవరు, బకెట్టు, మగ్గు. జూన్‌లో వస్తే ఇక్కడి ఎండకు నీళ్ల డబ్బా కూడా. మూడు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎవరి వస్తువు గురించి వాళ్లే చెప్పాలి. స్థలం లేకపోతే ‘నీకు ఇంత చోటు, ఇందులో నీ ఇష్టం’ అనండి. ఒకరి రుబ్బురోలును ఇంకొకరు అమ్మకూడదు.

ఇంత చేసినా మాకు కష్టం లేకుండా పోలేదు. అమ్మాయి మొదటి వారం ఏడ్చింది. రెండు కుర్చీలు విరిగాయి. కానీ ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో ఈసారి మాకు తెలుసు. తెలిస్తే సగం బరువు తగ్గుతుంది.

వచ్చిన నెలకు అమ్మ పాత సెక్టార్‌కు తీసుకెళ్లమంది. మా క్వార్టరులో ఇప్పుడు వేరే కుటుంబం ఉంది. ఆ ఇంటావిడ గేటు దగ్గర నిలబడ్డ అమ్మను చూసి లోపలికి పిలిచింది. అమ్మ వేసిన మునగచెట్టు లేదు. తులసికోట మాత్రం అక్కడే ఉంది. పక్కింటి దీదీ కుటుంబం దుర్గ్‌లో ఉంటోందని ఆవిడే చెప్పి ఫోన్ నంబరు సంపాదించి పెట్టింది. మర్నాడు అమ్మ, దీదీ గంటసేపు మాట్లాడుకున్నారు. ఇరవై మూడేళ్ల క్రితం ఒక్క రోజు ఆగి ఉంటే ఆ వీడ్కోలు అప్పుడే జరిగేది.

కాబట్టి మిత్రులారా, ఆర్డరు చేతికి రాగానే రవాణా వాళ్లకు ఫోన్ చేయకండి. ఆ రాత్రి ఇంట్లో అందరితో కలిసి భోంచేయండి. ఆ రెండు ప్రశ్నలూ అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ అడగండి. ఎవరైనా ఏమీ అనలేదంటే ఒప్పుకున్నారని మాత్రం అనుకోకండి.

మీ కొత్త ఇళ్లలో పాలు చక్కగా పొంగాలని కోరుకుంటూ, సెలవు. నమస్కారం.