డేటా సఫిషియెన్సీ: మైనస్ ఎక్కడ దాక్కుంటుంది?

ఈ ఎపిసోడ్‌లో డేటా సఫిషియెన్సీ చూద్దాం. ఐసెట్ రాసేవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. 200 ప్రశ్నల్లో 20 ఇవే, టైము మొత్తానికి 150 నిమిషాలు. ఇందులో జవాబు ఎంత అని అడగరు. ఇచ్చిన సమాచారంతో జవాబు తేలుతుందా, తేలదా అని అడుగుతారు. పెన్ను, పేపరు దగ్గర పెట్టుకోండి.

దువ్వూరు నుంచి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. పోయినేడు ఐసెట్ రాసింది, అనుకున్న ఎంసీఏ సీటు రాలేదు. మళ్లీ చదువుతోంది. "అన్నా, లెక్కలు బాగానే చేస్తా. ఈ సెక్షన్‌లో మాత్రం మార్కులు పోతున్నాయి. తప్పు ఎక్కడో కూడా తెలీడం లేదు" అని రాసి, తాను తప్పు చేసిన ఈ లెక్క పంపింది.

ప్రశ్న: ఎ, బి కంటే పెద్దదా?
ఒకటో స్టేట్‌మెంట్: ఎ/బి > 1.
రెండో స్టేట్‌మెంట్: బి > 0.

ఆమె ఏం చేసిందంటే, ఒకటో దాంట్లో బి ని అటుపక్కకు పంపేసింది. ఎ > బి వచ్చేసింది. ఒకటోదే చాలు అని టిక్ పెట్టింది. మీలో చాలామంది ఇదే చేసుంటారు, అవునా?

ఇప్పుడు మన ఊరి లెక్కలో చూద్దాం. దువ్వూరు పక్క పసుపు వేస్తారు కదా. పంట చేతికి రావాలంటే ఎనిమిది తొమ్మిది నెలలు. అంతదాకా విత్తనానికీ ఎరువుకూ అప్పే దిక్కు. ఒకాయనకు 6 లక్షల అప్పు, ఇంకొకాయనకు 3 లక్షల అప్పు ఉందనుకోండి. 6ను 3తో భాగిస్తే 2. అంటే 1 కంటే ఎక్కువే. కానీ ఎవరి పరిస్థితి మేలు? 3 లక్షలున్నాయనదే! మైనస్ 6 కంటే మైనస్ 3 పెద్దది.

అంటే ఎ = 6, బి = 3 పెడితే జవాబు అవును. ఎ = మైనస్ 6, బి = మైనస్ 3 పెడితే కాదు. రెండు జవాబులు వచ్చాయంటే ఒకటో స్టేట్‌మెంట్ ఒక్కటే చాలదు. రెండోది ఒక్కటే చూస్తే ఎ గురించి ఏమీ లేదు, అదీ చాలదు. రెండూ కలిపితే బి ప్లస్ అని తేలింది, ఇప్పుడు ధైర్యంగా అటుపక్కకు పంపొచ్చు. కాబట్టి రెండూ కావాలి. గుర్తు తెలియని దాంతో గుణించొద్దు, భాగించొద్దు. మైనస్ అయితే అసమానత తిరగబడుతుంది.

ఈ అప్పు పోలిక నా సొంతం కాదప్పా. 628లోనే బ్రహ్మగుప్తుడు ప్లస్‌ను ధనం, మైనస్‌ను ఋణం అని పిలిచి నియమాలు రాశాడు. మన స్కూలు పుస్తకంలో ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటున్నది ఆ మాటలే.

సరే, ప్రతి చోటా మైనస్‌ను అనుమానించాలా? అక్కర్లేదు. ఎక్స్ స్క్వేర్ = 49, ఎక్స్ ఎంత అంటే 7 కావచ్చు, మైనస్ 7 కావచ్చు. చాలదు. అదే, ట్రాక్టర్‌లో ఎక్స్ పసుపు బస్తాలున్నాయి, ఎక్స్ స్క్వేర్ = 49 అంటే? మైనస్ 7 బస్తాలు ఉండవు కదా. 7 ఒక్కటే, కాబట్టి చాలు. బస్తాలు, మనుషులు, వయసు, దూరం వస్తే మైనస్ దానంతటదే పోతుంది. ఉత్త ఎక్స్, వై అయితే మాత్రం ఆగి చూడండి.

ఇంకో రెండు మాటలు. ఎక్స్ ఋణ సంఖ్య కాదు అంటే ధన సంఖ్య అని కాదు, సున్నా కావచ్చు. అలాగే, ఎక్స్ ధన సంఖ్యా అని అడిగి, ఎక్స్ క్యూబ్ = మైనస్ 8 అని ఇచ్చారనుకోండి. కచ్చితంగా కాదు. ఆ "కాదు" కూడా జవాబే, సమాచారం చాలినట్టే. "కాదు" వచ్చింది కదా అని "చాలదు" మీద టిక్ పెట్టేసి మార్కు పోగొట్టుకోకండి.

పరీక్షలో ఐదు సంఖ్యలు జేబులో పెట్టుకోండి: 2, మైనస్ 2, అర, మైనస్ అర, సున్నా. స్టేట్‌మెంట్‌కు సరిపోయేవి పెట్టి చూడండి. వేర్వేరు జవాబులొస్తే చాలదు. ఒకే జవాబు వస్తుంటే తొందరపడొద్దు, ఎందుకు అలా వస్తోందో ఒక్క లైను కారణం చూసుకుని అప్పుడు టిక్ పెట్టండి.

హోంవర్క్: ఎక్స్, వై గుణిస్తే వచ్చేది ధనమా? ఒకటి, ఎక్స్ + వై > 0. రెండు, ఎక్స్ − వై > 0. రెండూ కలిపితే ఎక్స్ ప్లస్ అని తేలిపోతుంది. మరి వై సంగతేంటి? 5, 3 పెట్టండి. తర్వాత 5, మైనస్ 3 పెట్టండి. జవాబు మీకే దొరుకుతుంది.

దువ్వూరు చెల్లెలా, నీకు లెక్కలు రాక కాదమ్మా, ప్రతి సంఖ్యనూ ప్లస్ అనుకోవడం మన అందరి అలవాటు. అది మార్చుకుంటే చాలు. ఈసారి సీటు తెచ్చుకుని మెసేజ్ పెట్టు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.